పొద్దుచీర

మా మామ లక్ష్మీరాజం పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఆ సంగతి నాకు తెలిసిపోయింది. కానీ ఆ మూడు కాళ్ళ కుందేలు ఒకనాడు విమానం ఎక్కుతుందని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయే పని నా నెత్తిన పడుతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మాది సిరిసిల్లకు ఇవతల ఒక చిన్న ఊరు. మాది అంటున్నానే గానీ ఇప్పుడక్కడ మాకు ఇల్లు లేదు, జాగా లేదు. మీసాలు సరిగా రాని వయసులో మామ సూరత్ వచ్చి సాంచాల మీద పడ్డాడు. సాంచా అంటే కరెంటు మగ్గం. ఆయన నడిపాడు, ఇప్పుడు మా ఆయన అంబదాస్ నడుపుతున్నాడు. సూరత్‌లోని బమ్రోలిలో మేముండే గదుల కింద కూడా సాంచాలే. పగలూ రాత్రీ ఆ చప్పుడులోనే తింటాం, ఆ చప్పుడులోనే పడుకుంటాం. కరెంటు పోయి సాంచాలు ఆగితే మాత్రం ఇంటిల్లిపాదికీ ఒక్కసారే మెలకువ వస్తుంది.

ఊళ్ళో మాకు మిగిలిందల్లా ఒక చీర. అది కూడా మూడు మూరల చీర.

మా పద్మశాలీల కథలో భద్రావతమ్మ సూర్యుడి బిడ్డ. భావనారుషికిచ్చి పెళ్ళి చేశారు. మా ఊరి గుడిలో ఏటా రథసప్తమి నాడు ఆ పెళ్ళి జరుగుతుంది. ఆ రోజు అమ్మవారికి కట్టే పుట్టింటి చీరను మావాళ్ళు పొద్దుచీర అంటారు. దాని నియమం ఒక్కటే. ఏ పొద్దు పడుగు దారాల మీద పడ్డాక పేకదారం మోసే నాడె కదిలిందో, ఆ పొద్దు గుంకేలోపు చీర అమ్మవారి ఒంటి మీద ఉండాలి. బిడ్డను పెళ్ళిచీరలో చూసుకోకుండా తండ్రి ఇంటికి పోడు మరి. ముందురోజే నేసి పెట్టుకుంటే చెల్లదు, మర్నాడు కడతామంటే చెల్లదు. అమ్మవారి విగ్రహం చిన్నది కాబట్టి మూడు మూరలు సరిపోతాయి. దాన్ని నేసే హక్కు మామ తాతల నాటి నుంచీ మా ఇంటిది.

సూరత్‌లో ఎన్నేళ్ళున్నా మామ ఆ హక్కు వదల్లేదు. సేటు సెలవిచ్చినా ఇవ్వకపోయినా రథసప్తమికి రెండు రోజుల ముందే రైలెక్కేవాడు. ఊళ్ళో ఎల్లవ్వ ఇంట్లో గుంటమగ్గం ఉండేది. దాని మీద నేసి, అమ్మవారికి కట్టించి, మళ్ళీ రైలెక్కేవాడు. పోయిన వానాకాలం ఎల్లవ్వ ఇంటి గోడ ఆ మగ్గం మీద కూలింది. ఊళ్ళో చేతిమగ్గం అన్నది అదొక్కటే ఉండేది, అదీ పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, దీపావళి నుంచి మామకు ఊపిరి ఆడటం కష్టమైంది. యాభై ఏళ్ళ దూది దుమ్ము ఊరికే పోతుందా? రైలు ప్రయాణం వద్దన్నాడు డాక్టరు.

ఈ సంగతి తెలిసి గుడి పెద్ద బిక్షపతి మామ ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఆయన చెడ్డవాడు కాడు, మా మామకు వరసకు తమ్ముడే. "రాజమన్నా, ఏం జేద్దాం మరి? మగ్గం లేదాయె, నీకు పానం బాగలేదాయె. ఈసారికి దుకాణంల కొంటం" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేను చాయ్ తెచ్చి ముందు పెడితే మామ దాన్ని పక్కకు జరిపాడు.

"ఊళ్ళె నాకేమున్నది పద్మా? ఇల్లు కూలె. జాగ అమ్ముకుంటిమి. నన్ను ఎరికున్నోళ్ళు ఒక్కొక్కళ్ళు పోతున్నరు. ఏడాదికొక్కసారి గుళ్ళె నిలవడి 'లక్ష్మీరాజం ఇంటి చీర' అని పిలుస్తరు. ఒక్కసారి కొన్నరంటే ఇగ ఏటా కొనుడే. ఆ పిలుపు బందైతే నేను ఏ ఊరోన్ని?"

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటూ ఉంటాడు. ఆ రోజు మాత్రం నాకంటే ముందు నోరు తెరిచింది నా కూతురు హారతి. బీకాం చదువుతోంది. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది, తెలుగులో మొదలుపెట్టి హిందీలో నడిచి గుజరాతీలో తేలుతుంది.

"తాతా, నువ్వు ఈడనే నెయ్యి. నేను, అమ్మ తీస్కపోతం" అంది.

"పొద్దుగాల నేస్తే రైలు చేరేది మర్నాడు గదనే, పిచ్చిదానా."

"రైలెవరన్నరు? సూరత్ నుంచి హైదరాబాద్‌కు ఫ్లైట్ ఉన్నది. గంటన్నర."

"రోజున్నర అని రాసుంటది. మంచిగ చూడు."

హారతి ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టింది. మామ చదివాడు, మళ్ళీ చదివాడు, ఫోన్ వదిలేసి మనవరాలి ముఖంలోకి చూశాడు. తర్వాత కర్ర పట్టుకుని మెల్లగా డాబా మెట్లెక్కాడు. శ్రావణ పున్నమికి సూరత్‌లో మావాళ్ళు ఊరేగింపు తీస్తారు. లారీ మీద చేతిమగ్గం ఎక్కించి, దారి పొడుగునా నేస్తూ పోతారు. ఆ మగ్గం తక్కిన రోజుల్లో మా డాబా మీద రేకుల కింద పడి ఉంటుంది. దాన్ని విప్పడం, బిగించడం మామకు తప్ప ఇంకెవరికీ చేతకాదు. నేను పైకి వెళ్ళేసరికి ఆయన తన తువ్వాలుతో దాని దుమ్ము తుడుస్తున్నాడు.

అందరం కూర్చుని లెక్క వేశాం. విమానం మధ్యాహ్నం. అక్కడ దిగి కారెక్కితే ఊరు చేరేసరికి ఆరుంబావు దాటుతుంది. ఆ రోజు పొద్దు గుంకేది ఆరున్నర తర్వాత అని హారతి ఫోన్‌లో చూసింది. ఫోన్ చెప్పకపోయినా నాకు తెలుసు, ఇరవై ఏళ్ళుగా ఇదే డాబా మీద వడియాలు ఎండబెట్టి ఎత్తుతున్నదాన్ని. పావుగంట పైగా చేతిలో ఉంటుంది, అమ్మవారికి చీర చుట్టడానికి అంత కూడా పట్టదు. బిక్షపతి మామ సరేనన్నాడు. "కానీ ఒక్కటి చెప్తున్న రాజమన్నా. ఊరంత జమయితరు. పొద్దు గూకేదాక చూస్త. గూకితే దుకాణం చీర కట్టుడే" అన్నాడు.

రథసప్తమి నాడు చీకటితోనే లేచి తలస్నానాలు చేసి అందరం డాబా ఎక్కాం. పడుగు ముందే ఎక్కించి, బిగించి ఉంది. మామ మగ్గం మీద కూర్చుని చేతిలో నాడె పట్టుకుని తూర్పుకేసి చూస్తున్నాడు. మిల్లుల పొగగొట్టాల వెనక ఆకాశం ఎరుపెక్కుతోంది, పొద్దు మాత్రం ఇంకా రాలేదు. అప్పుడు ఫోన్ మోగింది.

"మొదలువెట్టిండ్రా? ఈడ పొద్దు చెట్లెక్కింది" అన్నాడు బిక్షపతి మామ.

"ఏడ పొద్దు? ఇంకా రానే లేదు."

"రాకపోవుడేంది? పక్కలకెళ్ళి లేసినవా లేదా?" అని అవతల నవ్వు.

మామకు కోపం వచ్చి ఫోన్ కట్ చేశాడు. ఆ బిక్షపతికి చిన్నప్పటి నుంచీ ఎకసెక్కాలు ఎక్కువని గొణిగాడు. మేమూ అదే అనుకున్నాం. ఆ మాటను అక్కడే పట్టుకుని ఉంటే ఆ సాయంత్రం అంత అవస్థ పడేవాళ్ళం కాదు.

పొద్దు వచ్చింది. మొదటి వెలుగు పడుగు మీద పడగానే మామ నాడె వదిలాడు.

అంతకు ముందు రాత్రి కూడా దిండుకు ఆనుకుని ఊపిరి కోసం అవస్థపడ్డ మనిషి ఆయన. ఆ మగ్గం మీద మాత్రం ఆయన ఊపిరి, నాడె కలిసి పోయి వచ్చాయి. నాడె అటు పోతే ఊపిరి బయటికి, ఇటు వస్తే లోపలికి. మధ్యలో దగ్గు వస్తే ఆగేవాడు, మళ్ళీ అందుకునేవాడు. కింద సాంచాలు దడదడలాడుతుంటే పైన ఈ ఒక్క మగ్గం నిదానంగా టక్కు టక్కుమంటూ నడిచింది. పసుపు రంగు, ఎర్ర అంచు. ఎండ మా వీపులకు తగిలే వేళకు చీర మగ్గం దిగింది. మామ దాన్ని మడిచి నా ఒళ్ళో పెట్టాడు.

"అమ్మ దగ్గరికి చేరేదాక నేల తాకొద్దు, బిడ్డా."

మా ఆయన మామను కనిపెట్టుకుని ఇంట్లోనే ఉన్నాడు. నేనూ హారతీ ఆటోరిక్షాలో ఎయిర్‌పోర్టుకు వెళ్ళాం. అక్కడ లోపలికి పోయేచోట వస్తువులన్నీ ట్రేలో పెట్టి మిషన్‌లోకి పంపమన్నారు. మా ముందున్నాయన ట్రేలో బూట్లు పెట్టాడు. నేను చీరను గుండెకు హత్తుకుని నిలబడిపోయాను. వెనక జనం గొణగడం మొదలుపెట్టారు. హారతి గబుక్కున తన చున్నీ తీసి ట్రేలో పరిచింది. దాని మీద చీర పెట్టాను. మిషన్ ముందున్న పోలీసాయన తెరలో చూసి, "యే క్యా హై, బెహన్? ఇత్నీ ఛోటీ సాడీ?" అని, ఇంత చిన్న చీర ఏమిటని అడిగాడు. దేవికి అన్నాను. ఆయన ఆ ట్రేను తన చేత్తో ఎత్తి నాకందించాడు.

విమానంలో కిటికీ పక్క సీటు నాది. అది పరుగెత్తడం మొదలుపెట్టినప్పుడు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి నేల లేదు. కింద సముద్రం ఉంది. ఇన్నేళ్ళు సూరత్‌లో ఉండి నేను సముద్రం చూసింది రెండుసార్లు, అదీ డుమస్ ఒడ్డున బురదలో. పైనుంచి అది వేరే సముద్రం. తాపీ నది గోధుమ రంగు నీళ్ళతో వచ్చి అందులో కలవడం కనిపించింది. అవతల హజీరా ఫ్యాక్టరీల గొట్టాలు, ఓడలు. విమానం పక్కకు ఒరిగి తిరిగితే ఊరంతా నా చేతి కిందికి వచ్చింది. మిల్లుల పొగ కింద ఎక్కడో బమ్రోలి, అందులో ఎక్కడో మా డాబా. నా బతుకంతా ఆ పొగను తలెత్తి చూశాను. దాన్ని వంగి చూస్తానని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

అంతలో చప్పుడు తగ్గింది.

"హారతీ! కరెంటు పోయింది!" అని అరిచాను. ముందు సీట్ల వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సాంచాల మీద బతికినవాళ్ళకు చప్పుడు తగ్గడమంటే మగ్గం ఆగడమే. హారతి నవ్వింది గానీ దాని చెయ్యి కూడా సీటు చెయ్యిని గట్టిగా పట్టుకునే ఉంది.

"ఏం కాదు అమ్మా. పైకెక్కినంక ఇంజన్ జర మెల్లగ నడుపుతరు. నాకూ దడ్ అన్నది."

పైలట్ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. ఏమంటున్నాడని అడిగాను.

"మనం పోయే దూరం ఏడు నూర్ల ముప్పై కిలోమీటర్లట. ఇంకో గంటల దిగుతమట."

నేను కిటికీకి ముఖం ఆనించి చూశాను. ఎండిన చేలు, గుట్టలు, అక్కడక్కడ నీటి మెరుపు. ఈ నేల మీదే కదా మా రైలు పోయేది! హారతి చంటిపిల్లగా ఉన్నప్పుడు భుసావళ్ స్టేషన్‌లో పాలు విరిగిపోయి, అది గుక్కపట్టి ఏడుస్తుంటే ప్లాట్‌ఫాం మీద గిన్నె పట్టుకుని పరుగెత్తాను. మామ మొదటిసారి సూరత్ వచ్చినప్పుడు ఎన్ని బండ్లు మారాడో ఆయనకే సరిగా గుర్తులేదు. తలుపు దగ్గర మూట మీద కూర్చుని వచ్చాడట. మా అత్త చనిపోయేదాకా అందరం కలిసి ఊరికి పోదాం పోదాం అంటూనే ఉంది, అంత దూరం ఎవరు పోతారని వాయిదా వేస్తూనే ఉన్నాం. ఆ అంత దూరం ఇప్పుడు నా కాళ్ళ కింద నిశ్శబ్దంగా జరిగిపోతోంది. విమానం నీడ గుట్టలెక్కి దిగుతూ మాతోపాటు పరుగెడుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఆనందం, కోపం, ఆశ్చర్యం కలిసి వచ్చాయి, ఏది ఎంతో చెప్పలేను. ఒళ్ళో చీర ఇంకా కొత్త నూలు వాసన వేస్తోంది. పొద్దున నూలుగా ఉన్నది మధ్యాహ్నానికి మబ్బుల మీద పోతోంది.

ఒకచోట పెద్ద నది కనిపించింది. గోదారేనా అని అడిగితే ఇక్కడ ఫోన్ పనిచేయదంది హారతి. నేను గోదారే అనుకుని దండం పెట్టాను. కాకపోయినా ఏ నదీ దండాన్ని వద్దనదు.

దిగాం. హారతి గడియారం చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఇల్లలకగానే పండగ కాదు, నడువు" అని దాన్ని లాక్కుని కారెక్కాను. సిద్దిపేట డ్రైవరు, మాటకారి కాడు గానీ దారి తెలిసినవాడు. ఎక్కడా ఆగలేదు, చాయ్ కూడా తాగలేదు. అనుకున్న వేళకు అనుకున్న ఊరు దాటుతూ పోయాం. మా ఆయన ఫోన్ చేస్తే, "మామను నిమ్మళంగ ఉండమను. మస్తు టైమున్నది" అని చెప్పాను.

సిద్దిపేట దాటాక నాకు మొదట అనుమానం వచ్చింది. రోడ్డు పక్క చెట్ల నీడలు పొడుగ్గా చేల మీద పడి ఉన్నాయి. నాకు గడియారం కంటే నీడలు బాగా తెలుసు. ఈ వేళకు ఇంత పొడుగుండకూడదు. ఎడమవైపు చూస్తే పొద్దు ఎర్రబడి గుట్టల మీదికి దిగుతోంది.

"హారతీ, అదేందే? ఇంకా టైమున్నదంటివి?"

హారతి గడియారం చూసింది, పొద్దును చూసింది, మళ్ళీ గడియారం చూసింది.

డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూశాడు. "ఈ దినాలల్ల ఈడ ఆరుంబావుకు గూకుతది అక్కా. ఏమైంది?"

హారతి ఫోన్ తీసి వెతికింది. తెరను నా వైపు తిప్పింది. "అమ్మా... నేను చూసింది సూరత్ పొద్దు. ఈడ ముందుగాల్నే వస్తది, ముందుగాల్నే పోతది. మనం తూర్పుకొచ్చినం."

పొద్దున ఫోన్‌లో బిక్షపతి మామ నవ్విన నవ్వు అప్పుడు చెవిలో వినిపించింది. ఆయన ఎకసెక్కం ఆడలేదు. మాకింకా రాని పొద్దు ఆయనకు నిజంగానే చెట్లెక్కింది. ఇన్నేళ్ళు ఈ దారిన వచ్చాం, పోయాం. రైలులో ఒళ్ళు హూనమై దిగినవాళ్ళం, పొద్దు ఎక్కడ ఎప్పుడు గుంకుతుందో ఎవరు చూశారు? భూమి అంత పెద్దదని, పొద్దు ఒక ఊరికి చెప్పినట్టు ఇంకో ఊరికి చెప్పదని బడిలో విన్న మాటే. అది నా ఒళ్ళోని మూడు మూరల గుడ్డకు అడ్డొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"జర గట్టిగ తోలు తమ్మీ" అన్నాను. అతను తోలాడు. పొద్దు అతని కంటే గట్టిగా పోయింది. సగం గుట్ట వెనక్కి దిగింది, గోరంత మిగిలింది, అదీ పోయింది. ఊరి పొలిమేర ఇంకా రాలేదు.

అనుకున్న వేళకే గుడి ముందు దిగాం. జనం ఉన్నారు గానీ సందడి లేదు. బిక్షపతి మామ గుడి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ప్లాస్టిక్ కవరులో దుకాణం చీర ఉంది, ఇంకా విప్పలేదు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"చివరి దాక చూసినం బిడ్డా. పొద్దు గూకింది. నేనేం జేయను? నియమం నేను పెట్టింది గాదు."

అమ్మవారికి చీర కట్టే సమ్మక్క లోపల గర్భగుడి ముందు కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు. తిడితే బాగుండేది. మామ గుర్తొచ్చాడు. నాడెతో కలిసి పోయి వచ్చిన ఆ ఊపిరి గుర్తొచ్చింది. ఈ మాట ఆయనకు నేనే చెప్పాలి, ఇంకెవరో చెప్పకూడదు అనిపించింది. హారతిని ఫోన్ కలపమన్నాను.

వీడియోలో మామ ముఖం కనిపించింది. డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనక సాంచాల చప్పుడు.

"కట్టిండ్రా?" అని అడిగాడు, కళ్ళింత చేసుకుని.

"మామా..." ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాను. "వచ్చినం మామా. గుడి ముంగటనే ఉన్నం. కానీ... పొద్దు గూకింది."

మామ ముఖం చిట్లించాడు. చెవి దగ్గరికి ఫోన్ తెచ్చుకుని మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను.

"గూకుడేంది?" అన్నాడు కోపంగా. "నా ముంగటనే ఉన్నది గద! పొద్దటి సంది దీన్నే చూసుకుంట కూసున్న. అరే అంబదాస్, జర చూపియ్యిరా వీళ్ళకు."

మా ఆయన చెయ్యి వచ్చి ఫోన్ తిప్పింది. బమ్రోలి డాబాలు, నీళ్ళ ట్యాంకులు, వైర్లు, మిల్లు గొట్టాలు. వాటన్నిటి పైన, ఇంకా బెత్తెడు ఎత్తున, పొద్దు. ఎర్రగా, నిండుగా, ఏ తొందరా లేకుండా.

నా చేతిలో ఫోన్, నా చుట్టూ మసక చీకటి. హారతి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వెనక నుంచి జనం ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూశారు. ఎవరో "అబ్బ" అన్నారు. అదే పొద్దు. మా కళ్ళ ముందు గుట్ట వెనక్కి దిగిపోయిందే, అదే.

బిక్షపతి మామ కళ్ళద్దాలు సవరించుకుని ఫోన్‌లోకి చాలాసేపు చూశాడు. "పొద్దుగాల నేను ఫోన్ జేస్తే ఇంకా రాలేదన్నవు. నవ్వులాటకు అన్నవనుకున్న రాజమన్నా."

"నవ్వులాడింది నువ్వు. ఏ పొద్దు పడుగు మీద పడ్డదో అదే పొద్దు ఇది. ఈడికెళ్ళి ఇంకా కదల్లేదు" అన్నాడు మామ. ఆయన గుక్క తిప్పుకోవడానికి ఆగాడు. "కదుల్తడా? తాపీ గూడ ఆయన బిడ్డనే గదా. ఈ బిడ్డ ఇంట్ల కూసోని ఆ బిడ్డ చీర కోసం చూస్తున్నడు. మీరు ముచ్చట్లు బందువెట్టి కట్టుండ్రి."

బిక్షపతి మామ ఇంకా తేల్చుకోలేక నిలబడ్డాడు. నియమం పెద్దది, ఊరు చూస్తోంది. సమ్మక్క లేచి బయటికి వచ్చింది. ఎవరినీ అడగలేదు. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని లోపలికి పోయి అమ్మవారి ముఖం ముందు పెట్టింది.

"చూడు తల్లీ. మీ నాయిన పోలేదు. నీ కోసమే ఆగిండు."

గుడిలో గంట ఎవరు కొట్టారో తెలియదు. బిక్షపతి మామ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు. ఏటా పిలిచే పిలుపు, ఈసారి బయటి పొలాల దాకా వినిపించేలా పిలిచాడు.

"లక్ష్మీరాజం ఇంటి చీర!"

ఫోన్‌లోంచి దగ్గులాంటి శబ్దం వచ్చింది. అది దగ్గు కాదని నాకు తెలుసు. నేను చీరను రెండు చేతులతో సమ్మక్కకు అందించాను. బమ్రోలిలో పొద్దున పుట్టిన ఆ పసుపు, ఆ ఎరుపు దీపాల వెలుగులో అమ్మవారి ఒంటి చుట్టూ తిరిగాయి. కుచ్చిళ్ళు పెట్టి, కొంగు సర్ది సమ్మక్క పక్కకు తప్పుకుంది. హారతి ఫోన్ పట్టుకుని అమ్మవారిని మామకు చూపించింది.

మామ చూశాడు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయాడు. "కూసో నాయినా" అని మా ఆయన వారిస్తున్నా వినలేదు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా.

"నేను చూస్తే సరిపాయెనా? చూడాల్సినోడు చూడాలె" అన్నాడు.

లేచి నిలబడి ఫోన్ తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అమ్మవారు కనబడే తెరను పడమటికి తిప్పి తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. మా వైపు ఫోన్‌లో ఇక మామ కనిపించలేదు, డాబా కనిపించలేదు. తెర నిండా పొద్దే. చీకటి గుడిలో మా అందరి ముఖాల మీద ఆ ఎర్రటి వెలుగు పడింది. ఆ పొద్దు బిడ్డను చూసుకుని, గొట్టాల వెనక్కి మెల్లగా దిగిపోయేదాకా మా మామ చేతులు దించలేదు.